రెండో బ్రేకు లేని కారు

మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అనే సామెతని ఆ వీధిలో ఎవరూ పైకి అనరు. అంటే డ్రైవింగు మాస్టారు భుజాలు తడుముకుంటాడని. ఇరవై ఆరేళ్ల పాటు ఆయన ఉద్యోగం ఒకటే. డ్రైవింగు స్కూలు కారులో నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చోవడం, వాళ్లు తడబడితే తన కాళ్ల దగ్గర అమర్చిన రెండో బ్రేకు తొక్కడం. స్టీరింగు ఎప్పుడూ ఇంకొకళ్ల చేతిలోనే. అందుకని ఆయన అటు తిరగ్గానే వీధి వీధంతా ఆయన్ని 'రెండో బ్రేకు' అంటుంది.

అలాంటి మనిషి ఉద్యోగం మానేసిన వారానికే పొరుగూరు వెళ్లి ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. నిన్న టీ కొట్టు కట్టేశాక అది వచ్చి కొట్టు ముందే ఆగింది. నేలకి జానెడు ఎత్తు, రెండే సీట్లు, మీటరు మీద మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు. ముందు దీపాలు రెండూ మూత ఎత్తుకుని పైకి లేచే రకం. ఒకటి లేస్తుంది, రెండోది బద్ధకిస్తుంది. దూరం నుంచి చూసేవాళ్లకి కారు కన్ను కొడుతున్నట్టుంటుంది.

టీ కొట్టు పక్క గదిలో దర్జీ మిషను. ఆ దర్జీ ఆవిడ కారు నేర్చుకుంది మాస్టారి దగ్గరే. వంతెన ఎక్కితే చాలు కళ్లు మూసుకునేది. మూడుసార్లు పరీక్ష తప్పింది. ఆయన మాట్లాడకుండా రెండో బ్రేకు తొక్కి, కళ్లు తెరిచేదాకా ఆగి, మళ్లీ పోనివ్వమనేవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ సంగతి మాత్రం ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. అందుకే మాస్టారు కోతలు మొదలుపెడితే అందరూ నవ్వుతారు గానీ ఆవిడ నవ్వదు. మిషను ఆపి వింటుంది.

ఇవాళ సాయంత్రం కూడా ఆపింది. కొట్టు బల్ల మీద మాస్టారు, ఎదురుగా ఆయన బావమరిది. బావమరిదికి వీధి చివర గ్యారేజీ ఉంది. అరచేతులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి.

"అక్క మాట అందరూ వినండి," అన్నాడు బావమరిది, కొట్టు పైనున్న మాస్టారి ఇంటి కిటికీ వైపు చూపిస్తూ. "ఇవాళ దీపాలు పెట్టే వేళలోగా బావ స్టీరింగు పట్టాలి. పక్క సీట్లో ఎవరో ఒకరు తమంతట తాము వచ్చి కూర్చోవాలి. నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి ఇక్కడికే రావాలి. మనిషి నమ్మి ఎక్కని బండి ఇంటి ముందు ఎందుకు అంటోంది అక్క. ఎవరూ ఎక్కకపోతే రేపు పొద్దున్నే తాడు కట్టి లాక్కెళ్లి ముక్కలు చేసేస్తా. తలుపులకి ఇప్పటికే గిరాకీ ఉంది."

"నవ్విన నాపచేనే పండుతుందిరా," అన్నాడు మాస్టారు. "ఎక్కేవాళ్లకి కొదవా. ముందు ఆ కారు ఏమిటో తెలియాలిగా. వినండి. అమ్మే పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, బాబూ ఇది ముసలి గుర్రం, నీవల్ల అవుతుందా అన్నాడు. నేను మారుమాట్లాడలేదు. తలుపు తీశాను, కూర్చున్నాను, తాళం తిప్పాను. అంతే, ఆయన కళ్లలో నీళ్లు. ఆయనకి మూడోసారి తిప్పితే గానీ లేవని ఇంజను నాకు మొదటిసారికే లేచిందట."

"బ్యాటరీ మార్చి ఉంటాడు," అన్నాడు బావమరిది.

"బ్యాటరీకి మనుషులు తెలుస్తార్రా. సరే, ఊరు దాటాను. రెండో గేరు వేసేసరికి లారీలు వాటంతట అవే పక్కకి జరిగాయి. మూడో గేరులో ఉండగా ఒక కాకి, నాకు సరిగ్గా పక్కనే ఎగురుతూ, నావైపు అదోలా చూసి పందెం అంది. నోటితో అనలేదనుకోండి, చూపుతోనే అంది. సరే రమ్మన్నాను. నాలుగు ఫర్లాంగులు వచ్చి, ఇక నావల్ల కాదని అద్దం మీద వాలింది. జాలేసి రెండూళ్ల అవతల దింపాను. అప్పుడు నాలుగో గేరు వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాకి టిక్కెట్టు అడిగిందా మాస్టారూ?" అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వు గ్లాసులు కడుగు. నాలుగో గేరులో హారన్ కొట్టాను, వినపడలేదు. పాత బండి కదా, హారన్ పోయిందనుకున్నాను. పోలేదు నాయనా. మోత వెనకాలే ఉండిపోయింది, నేనే ముందుకొచ్చేశాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, నడుం వాల్చాక అప్పుడొచ్చింది వీధి మొగలోంచి, పీం అని. ఎవరొచ్చారా అని మా ఆవిడ బయటికెళ్లి చూసింది కూడా."

"నాలుగుకే ఇంతైతే ఐదో గేరు వేయలేదా బావా?"

"సగమే వేశాను. పూర్తిగా వేస్తే ప్రభుత్వం ఊరుకోదు. ఆ సగానికే నా నీడ వెనకబడిపోయింది. ఎండ చూస్తే మండిపోతోంది, కారుంది, నేనున్నాను, రోడ్డు మీద నీడ మాత్రం లేదు. ఆఖరి బస్సులో దిగింది పాపం, ఒళ్లంతా దుమ్ము. ఇదిగో చూడండి, ఇంకా ఆయాసపడుతోంది." మాస్టారు కాలు కొంచెం ఆడించాడు. నేల మీద నీడ ఊగింది. టీ కొట్టాయన తెలియకుండానే వంగి చూశాడు.

మాస్టారికి ఊపొచ్చింది. దర్జీ వైపు తిరిగి, "అమ్మాయ్, ఊరికే వింటావేం, సీటు కవర్లు కుట్టాలి, వెళ్లి కొలతలు తీసుకో," అన్నాడు.

దర్జీ మెడలో టేపుతో వెళ్లి కారు తలుపు తీసింది. సీట్లో కూర్చోవాలంటే నేల మీద కూర్చున్నంత కిందికి దిగాలి. రెండు సీట్లూ కొలిచింది, కాళ్ల కింద మ్యాట్లు కూడా కొలిచింది, ఒక చోట చెయ్యి ఆపి తడిమి చూసింది. తిరిగొచ్చి కాగితం మీద అంకెలు రాసుకుని కూర్చుంది.

"మూడు లక్షలు తిరిగిన బండి కదా మాస్టారూ, అలసిపోలేదా?" అని అడిగాడు టీ కొట్టాయన.

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. మూడు లక్షలు తిరిగింది కాబట్టే దారులన్నీ దానికి తెలుసు. కొత్త కారైతే అడుక్కుంటూ పోవాలి. అసలు నేను కొన్నప్పుడు మీటరు మీద మూడు లక్షల ఇరవై వేలు. నా వేగానికి అంకెలు జడుసుకుని వెనక్కి పరిగెత్తాయి, ఒక్క ప్రయాణానికి ఎనిమిది వేలు తగ్గింది. ఇంకో ముప్పై తొమ్మిది సార్లు ఆ ఊరు వెళ్లొచ్చానంటే షోరూంలో పెట్టొచ్చు. ఇంకా అసలు సంగతి చెప్పనేలేదు. పొరుగూళ్లో నేను బయల్దేరింది పదింటికి. ఇంటికి చేరేసరికి ఎంతయిందో తెలుసా? తొమ్మిదిన్నర. లోపల మా ఆవిడ క్యారేజీ సర్దుతోంది, ఎవరికనుకున్నారు, నాకే, కారు కొనడానికి పోతున్నానని. వద్దులేవే, వెళ్లొచ్చేశాను అన్నాను."

టీ కొట్టాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. బావమరిది బల్ల మీద చరిచాడు. వాళ్ల నవ్వు ఆగేదాకా మాస్టారు ఆగాడు.

"ఇప్పుడు చెప్పండి, ఎవరొస్తున్నారు నా పక్కన?"

టీ కొట్టాయనకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. బావమరిది ఆకాశం వైపు చూసి, "దీపాలు పెట్టే వేళవుతోంది బావా," అన్నాడు. బల్ల చివర కూర్చున్న ఇద్దరు ఎవరినో కలవాలంటూ లేచి వెళ్లిపోయారు. మాస్టారు గ్లాసు ఎత్తి తాగబోయాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ గ్లాసునే ఆయన పెదాలకి ఆనించుకోవడం దర్జీ చూసింది. చూసి ఇక ఉండలేకపోయింది.

"మాస్టారూ, ఒక్క మాట."

"అడుగు."

"నడిపే సీటు ముందుకంటా జరిపి ఉంది. మీ మోకాళ్లు అక్కడ పట్టవు. దాని మీద నీలం అంచు దిండు ఉంది. అక్క నడుం నొప్పికని నేను కుట్టిచ్చిందే. పక్క సీటు కాళ్ల దగ్గర మ్యాటుకి చిల్లు పడింది, మగవాళ్ల మడమంత. పాత చిల్లు కాదు, పోగులు ఇంకా తెల్లగా ఉన్నాయి." ఆవిడ గొంతు తగ్గించింది. "నడిపింది అక్క. మీరు పక్కన కూర్చుని దారి పొడుగునా లేని బ్రేకు తొక్కారు."

కొట్టులో పాలు పొంగిపోయాయి. బావమరిది ముందు పైన కిటికీ వైపు, తర్వాత బావ వైపు చూశాడు. ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు.

మాస్టారు తల దించుకుంటాడనుకున్నారు. దించుకోలేదు.

"అవును. తొక్కాను. ఏం?" అన్నాడు. "ముందు నేనే కూర్చున్నా స్టీరింగు ముందు. నా కాలికి ఇరవై ఆరేళ్లుగా బ్రేకొక్కటే తెలుసు. ఎక్సలేటరు మీద పెడితే అది బ్రేకు మీదికే పాకుతుంది, నేనేం చెయ్యను. ఊరు దాటేలోపు సైకిళ్లవాళ్లు నా వెనక గంటలు కొట్టారు. దిగండి అంది మా ఆవిడ, దిగాను. అయితే ఆ కారు మూడు లక్షలు తిరిగిందంటున్నారే, నేను అంతకు మూడింతలు తిరిగాను, అన్నీ ఇంకొకళ్లు పోనిచ్చిన దార్లే. ఒక్కసారి నా చేత్తో నేను పోవాలని కొనుక్కున్నా. తిరిగినదంతా తుక్కే అయితే రేపు తాడు తెచ్చినప్పుడు నాకూ ఒకటి తేరా. ఎవరూ ఎక్కకపోయినా సరే, ఒక్కడినే వెళ్తా."

బావమరిది నవ్వు ఆగిపోయింది. మాస్టారు కారు దగ్గరికి నడిచి, దిండు తీసి టీ కొట్టాయన చేతిలో పెట్టాడు. సీటు వెనక్కి జరిపి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. లేవలేదు. రెండోసారి కూడా లేవలేదు.

ఈలోగా అటు తలుపు తెరుచుకుంది. దర్జీ మెడలో టేపు తీసి మిషను మీద పడేసి వచ్చింది. నెమ్మదిగా దిగి పక్క సీట్లో కూర్చుంది.

"అమ్మాయ్, అటు బ్రేకు లేదు," అన్నాడు మాస్టారు.

"తెలుసు. ఇంతసేపూ ఆ కాకి పక్కన, ఆ నీడ పక్కన కూర్చోలేక రాలేదు. మీ పక్కన కూర్చోడానికి నాకేం భయం?"

మూడోసారికి ఇంజను లేచింది. ఒంటికన్ను తెరుచుకుని కారు కదిలింది. రెండుసార్లు ఆగింది, మాస్టారి కాలు దాని అలవాటు కొద్దీ అటే పాకింది. రెండుసార్లూ దర్జీ నోరు మెదపకుండా ఆగింది, ఆయన ఒకప్పుడు ఆగినట్టే. ట్యాంకు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే ఆవిడకి కళ్లు మూసుకోవాలనిపించింది. అయినా మూసుకోలేదు, రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఎదర రోడ్డునే చూసింది. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలాయన గంట కొట్టి పక్కనుంచి వెళ్లిపోయాడు. మాస్టారు ఆయనకి దారిచ్చి చెయ్యి ఊపాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి టీ కొట్టు ముందు పదిమంది చేరారు. ఎదురుగా బావమరిది, చంకలో నీలం అంచు దిండుతో టీ కొట్టాయన, పైన కిటికీ దగ్గర మాస్టారి భార్య. మాస్టారు తలుపు పట్టుకుని పైకి లేచి, నడుం నిటారుగా చేసుకున్నాడు.

"చూశారా. ట్యాంకు మలుపులో తొంభై మీద తిప్పేసరికి, లోపల నీళ్లు కూడా సుడి తిరిగి..."

"ఇరవై రెండు," అంది దర్జీ, కారు దిగుతూ.

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు ఈసారీ భుజాలు తడుముకోలేదు.

"సరే, ఇరవై రెండే," అన్నాడు. "నడిపిందెవరు?"

"మీరే మాస్టారూ."

మాస్టారు తలెత్తి కిటికీ వైపు చూశాడు. "విన్నావా?"

"విన్నాను," అంది ఆవిడ. "ఆ సీటు మళ్లీ ముందుకి జరిపి దిండు పెట్టి రండి. రేపు నేను బజారుకి వెళ్లాలి."