గంట కొట్టాక దణ్ణాలు

సభకి పెద్ద దిక్కుగా కూర్చున్న హెడ్మాస్టర్ నరసింహం గారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో అక్కయ్యలకి, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ తమ్ముళ్ళకి, ఇవాళ రిటైరై బాపట్ల వెళ్ళిపోతున్న మన డ్రిల్లు టీచర్ హెలెన్ గారికి నమస్కారాలండి. రెండు ముక్కల్లో ముగించమన్నారు. మైకు సెట్టు నాది, చాలని ఆ కుర్చీలూ నావే, కాబట్టి మూడు ముక్కలు మాట్లాడతాను. (నవ్వులు) ఆ మూడో ముక్క మన బడి వెనక స్టోరు రూము గురించండి. టీచర్ గారు ఆడపిల్లలకి బాక్సింగ్ నేర్పిన ఆ గదికి రేపట్నించి తాళమేనని విన్నాను.

ఆవిడ మన చెరుకుపల్లి వచ్చిన కొత్తల్లో, ఊక కుక్కిన గోతాం దూలానికి వేలాడదీసి, రండమ్మా గుద్దండి అంటే, మా అమ్మ సుబ్బరత్నమ్మ "ముక్కు వంకరపోతే పిల్లని ఎవడు చేసుకుంటాడ్రా?" అంది. "నా ముక్కు వంకరే కదమ్మా, నాకు పెళ్ళి కాలేదా?" అన్నాను. "ఆ బాధ తెలిసే వద్దంటున్నా," అంది మా ఆవిడ ప్రమీల. (నవ్వులు) అదుగో, ఇప్పుడు కూడా నవ్వట్లేదు చూడండి.

అయినా మా అమ్మాయి హిమబిందు వెళ్ళింది. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. మొదట గుద్దనివ్వలేదండి, నిలబడ్డమే నేర్పారు. ఎడమ కాలు ముందుకి, మోకాళ్ళు వదులుగా, తడి గట్టు మీద నడిచినట్టు. పిడికిలి పడితే బొటనవేలు బయట ఉండాలి, లోపల పెడితే విరిగేది మన వేలే. చేతులు దవడల దగ్గర, మోచేతులు డొక్కలకి ఆనించి. ఇక గుద్దంటారా, కాలుతున్న గిన్నెని ముట్టుకున్నట్టు తిన్నగా వెళ్ళాలి, వెళ్ళిన దారినే చటుక్కున వెనక్కి రావాలి.

ఇన్ని నేర్పారు గానీ, ఒక్కటి మాన్పించలేకపోయారు. తెనాలి పోటీల్లో మా అమ్మాయి కాలు ఎదుటి పిల్ల కాలికి తగిలింది. వెంటనే ఇది వంగి, గ్లవ్వుతో ఆ పిల్ల కాలు తాకి కళ్ళకద్దుకుంది! ఆ పిల్ల కూడా మన రేపల్లెదే కదండీ, "అయ్యో పర్లేదక్కా" అంటూ తనూ వంగింది. రెండు తలకాయలూ ఠంగుమన్నాయి. రిఫరీ పాపం ఎవరికి పాయింటివ్వాలో తెలీక చూస్తున్నాడు. (నవ్వులు) కింద నుంచి టీచర్ గారి కేక. "ఒసేయ్ బిందూ! దణ్ణాలు గంట కొట్టాక పెట్టుకుందువు గానీ, ముందు చేతులెత్తవే!"

అప్పట్నించీ ఆ గదిలో అదే పద్ధతి. ఎన్నిసార్లు కాలు తగిలినా ఆట ఆపకూడదు. గంట కొట్టాక, ఎదుటి మనిషికి అన్నిటికీ కలిపి ఒక్క దణ్ణం.

టీచర్ గారూ, మా ఇళ్ళల్లో ఆడపిల్లల్ని తల దించుకోమంటామండి. మీరూ గడ్డం దించమనే చెప్పారు. చూపు మాత్రం దించనివ్వలేదు. మంచినీళ్ళివ్వండి ఎవరన్నా.

సరే, మూడో ముక్క. మా అమ్మాయి డ్రిల్లు టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి ఇంట్లోనే ఉంది. ఉద్యోగం వచ్చేదాకా సాయంత్రాలు తను నేర్పుతుంది, జీతం వద్దు. తాళం వెయ్యకండి నరసింహం గారూ, తాళంచెవి దాని చేతికివ్వండి. ఏమంటారు? ...తల ఊపారు! అందరూ చూశారు కదా? ఇదిగో ప్రమీలా, నువ్వూ చూశావు కదా, రేపు సాక్ష్యానికి రావాలి. (చప్పట్లు)

హెలెన్ టీచర్ గారూ, ఇన్నేళ్ళలో మా మాటలు, మా అనుమానాలు మీకు చాలాసార్లు తగిలాయి. మీరు ఆట ఆపలేదు. మేమూ దణ్ణం పెట్టలేదు. అటెండర్ యోబూ, ఆ బడి గంట ఓసారి కొట్టవయ్యా.

(గంట)

అందరూ లేవండి. అన్నిటికీ కలిపి, ఒక్క దణ్ణం.

సెలవండి.