పసుపు గీత

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా నా పళ్లన్నీ ఊడిపోవాలి అల్లుడూ. అవి ఊడి పదేళ్లయిందంటావా? సరే, కట్టుడుపళ్లు ఊడిపోవాలి. అవి ఇంకా ఖరీదు.

కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి మూరెడు మందాన గ్రీజుంది. షాపు గోడకి మాత్రం ఇంత పొడుగు బోర్డు, పక్కన నీ ఫొటో! పనిచేసేవాడు ఒకడు, ఫొటో దిగేవాడు ఇంకొకడు.

అసలు దీనంతటికీ మూలం మీ అమ్మ. మొహం చిట్లించకు. కొత్త కారు కొన్న మర్నాడే గుట్టరోడ్డు మీద నన్ను దాటుకుంటూ వెయ్యిసార్లు హారను కొట్టింది. సరే, రెండుసార్లు. ఆడపడుచు రెండుసార్లు కొడితే వదిన చెవికి వెయ్యిసార్లు పడుతుంది. అప్పటికి నా టర్బో బండి వయసు ఇరవయ్యారేళ్లు. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు పక్కన నత్తలు నిలబడి దారిచ్చేవి.

అందుకే నీ షాపుకొచ్చాను. పింఛనులో మందులకు పోగా మిగిలినదాంతో బండి ఉరకాలన్నాను. నువ్వు నవ్వావు. మర్చిపోయాననుకోకు, పళ్లే పోయాయి, బుర్ర ఉంది. నవ్వనివాడు ఒక్కడే, మీ మెకానిక్ నిదానం. ఆ పేరు పెట్టినవాడెవడో గాని చేతులెత్తి దణ్ణం పెట్టాలి, ఒక్క బోల్టు విప్పడానికి ముందు దాంతో మాట్లాడతాడు.

కొత్త సామాను కొనిపించలేదు. పాత ఇనప సామాన్ల దిబ్బలోంచి విరిగిన వ్యానుది, గాలిని చల్లార్చే జాలీపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. బంపరు కోసి ఇరికించాడు. ఇక టర్బో సంగతి తెలుసుగా, ఇంజనులోకి గాలి కుక్కుతుంది. మరీ కుక్కేస్తే ఇంజను చస్తుందని ఒక చిన్న తలుపు, ఇక చాలని ఆ తలుపుకి కబురు మోసే రబ్బరు గొట్టం. నిదానం ఆ గొట్టానికి ఒక స్క్రూ పెట్టాడు, తిప్పినకొద్దీ గాలి పెరిగేట్టు. కాస్త తిప్పి, అక్కడ పసుపు రంగుతో గీత గీశాడు.

“పిన్నిగారూ, ఈ గీత దాటితే ఇంజను బతకదు,” అన్నాడు.

నాకు చెబుతాడా బతకడం గురించి? ముప్ఫయ్యెనిమిదేళ్లు నర్సుగా చేసినదాన్ని. ఈ చేత్తో పది లక్షల సెలైన్లు ఎక్కించాను. చుక్క ఎప్పుడు పడాలో చుక్కకి చెప్పిందాన్ని.

మొన్న గుట్టమీద మీ అమ్మని దాటాను చూడు! నూటెనభైలో పోతున్నాను. నలభై అని చెప్పిందా? చెప్పదూ మరి, కడుపుమంట. హారను కూడా కొట్టాను. ఎన్నిసార్లంటే, ఆవిడ ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉంటుంది.

రెండో మలుపులో ఢాం అంది. ఆ పొగకి మూడు వీధుల అవతల కుక్కలు దగ్గాయి.

బండిని ఈ షాపుకే ఈడ్పించాను. నువ్వు మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా వచ్చావు. బానెట్ ఎత్తావు. స్క్రూ పసుపు గీత మీదే ఉంది, పిస్టను కరిగిపోయింది. అంటే గీత గీసినవాడిదే తప్పని తేల్చేశావు. నేనూ అదే అన్నాను. నీకంటే గట్టిగా అన్నాను. పదకొండేళ్లుగా నీ దగ్గర పనిచేస్తున్నవాణ్ణి షాపులో నలుగురి ముందు రేపట్నుంచి రావద్దన్నావు, నేను పక్కనే నిలబడి తలూపాను. అతను చేతులు తుడుచుకుని వెళ్లాడు. రెంచీలు కూడా సర్దుకుపోయాడు, దరిద్రుడు.

అలా చూడకు. నాకు నీళ్లివ్వు ముందు.

ఇదిగో, ఈ పొట్లం విప్పు. ఏమిటది? సెలైను గొట్టమే. చుక్కలు సర్దే చక్రం కూడా దానికే ఉంది. గీత కదిపితే నిదానం కనిపెడతాడని స్క్రూ జోలికి పోలేదు. రబ్బరు గొట్టం మధ్యలో కోసి ఇది అతికించాను, సూదితో రెండు కన్నాలు పొడిచాను. తలుపుకి కబురు సగమే చేరి, గాలి ఇంకా ఎక్కువ కుక్కాలని. వారం రోజులు బంగారంలా పనిచేసింది. రోగి ఒళ్లు ఎంత కాలినా ఈ గొట్టం మెత్తబడదు. ఇంజను వేడికి జారిపోతుందని ఏ నర్సింగు బడిలో చెప్పారు?

ఆ రోజు పొద్దున్నే, నువ్వు రాకముందే, నిదానం వచ్చి చూశాడట. ఇది పీకేసి, మామూలు రబ్బరు ముక్క పెట్టేసి వెళ్లాడు. నాకు తెలియదు. ఈ గొట్టం ఎగిరిపోయి ఏ పొదలోనో పడిందనుకున్నాను. ఇవాళ మా గేటు దగ్గర ఈ పొట్లం నా చేతిలో పెట్టాడు.

“ఎవరికీ చూపించకండి పిన్నిగారూ. మీ దగ్గర్నుంచి బండి తాళాలు లాగేసుకుంటారు.”

ఎవడడిగాడు అతన్ని? నా మీద జాలిపడమని నేను అర్జీ పెట్టుకున్నానా? డెబ్బయ్యారేళ్లొచ్చాయి, ఇంకొక్క తిక్కపని చేస్తే స్టీరింగు ముట్టనివ్వమని నువ్వూ మీ అమ్మా తీర్మానం చేశారుగా, అది విన్నాడు. నా తాళాల కోసం తన అన్నం వదులుకుంటాడా? అంత పొగరేమిటి? నాకు కోపం ఎంతొచ్చిందంటే... ఎంతో చెప్పడం నాకు చేతకావట్లేదు.

నేనే కోశాను. నేనే తలూపాను. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.

తాళాలా? ఇవిగో, తీసుకోండి. కాలిపోయిన ఇంజనుకి తాళమేసుకుని మీ అమ్మనే మురవమను.

నోరు తర్వాత తెరువుదువుగాని, ముందు లే. అతని ఊరి బస్సు మూడింటికి. స్టాండులో దొరుకుతాడు, సంచీలో రెంచీల బరువుకి ఒక పక్కకి వంగి ఉంటాడు. సంచీ నువ్వు మోసుకురా. ఎందుకు తప్పు పట్టావో, అది ఎవరి తప్పో, ఆ నలుగురూ ఇక్కడ ఉండగానే అతనికి చెప్పాలి. నువ్వు చెప్పగా మిగిలింది నేను చెబుతాను. నడు.