డ్రాయింగు లేని ఆవిరి యంత్రం, చల్లారని కోపం

1987వ సంవత్సరం జూలై ఆరవ తేదీన మన కర్మాగారంలో ఫిట్టరు సహాయకునిగా అడుగుపెట్టి, ఈ నెలాఖరున పెద్ద ఫిట్టరుగా పదవీ విరమణ చేస్తున్న మాన్యులను గేటు కాపలాదారు మొదలు స్టోరు గుమాస్తా వరకు అందరూ చాటున 'కొలిమి గారు' అంటారు. ఆ సంగతి వారికి తెలుసు. తెలిసి కూడా ఊరుకున్న విషయం వారి ఉద్యోగ జీవితంలో ఇదొక్కటే.

చేరిన కొత్తలోనే, జిడ్డు తుడవకుండా స్పానరు తిరిగిచ్చిన సీనియరును "ఇంట్లో ఈ చేత్తోనే అన్నం తింటారా?" అని నిలదీశారు. ఫిట్టరయ్యాక, ఊగే షాఫ్టుతోనే పంపును పంపించేయమన్న పై అధికారి ఎదుట ఆ పంపు పెట్టె మీదే బైఠాయించి, "నన్ను కూడా కలిపి మేకులు కొట్టండి" అన్నారు. షాఫ్టు మారింది. కానీ రావలసిన పదోన్నతి మాత్రం ఏళ్ళ తరబడి రాలేదు. దాన్ని తొక్కిపెట్టిన పెద్దలలో కొందరు నేడు ఈ వీడ్కోలు సభ వేదిక మీదే దండలు పట్టుకుని కూర్చున్నారు. వారు కూడా చదవాలనే ఈ మాట రాయడం.

వారి అక్కగారి భర్త మన కర్మాగారంలోనే కొయ్య అచ్చులు చెక్కే వడ్రంగి. ఒకప్పుడు మన మిషన్లన్నిటినీ తిప్పి, ఆ తర్వాత తుక్కు కింద పోయిన పాత ఆవిరి యంత్రానికి చిన్న నమూనా చేయాలని ఆ బావగారు అచ్చులు చెక్కారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న పోత మేస్త్రి వాటితో ఇనుము పోశాడు. సిలిండరు, పీఠం, చక్రం చల్లారాయో లేదో, బావగారు గుండె ఆగి కన్నుమూశారు. డ్రాయింగు గీసే అలవాటు ఆయనకు లేదు.

"పోయినవాడు పోతూ కొలతలు కూడా పట్టుకుపోయాడు!" అని కొలిమి గారు షాపంతా దద్దరిల్లేలా అరిచారు. తాము పదవి దిగేలోగా అక్క కళ్ళముందు ఆ యంత్రం ఆవిరితో తిరగాలని ఆనాడే పట్టుబట్టారు.

సిలిండరు గుల్లను నున్నగా తొలిచి, దానికి తగ్గ పిస్టనును చేసి, అది ఎంత దూరం కదలగలదో చూసి, అందులో సగం పొడవుకి, చక్రాన్ని తిప్పే వంకర కడ్డీ క్రాంకును కట్టారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక కొలత వెంట మరొక కొలత వచ్చింది. అయితే సిలిండరు పక్కనున్న బొడిపెను పోతలో లోపమనుకుని, ఉలితో చెక్కి, ఆకురాయితో చదును చేసేశారు.

"పోతపోసేటప్పుడు నీ ఇసుక మూస కూలిందయ్యా! బావ చెక్కిన అచ్చు ఒకటి, నువ్వు పోసింది ఒకటి!" అని పోత మేస్త్రి మీద విరుచుకుపడ్డారు.

"నా పోతలో అక్కర్లేని బొడిపె ఉండదు" అని మాత్రమే అన్నాడతడు.

ఆ వారమే చూడవచ్చిన అక్కగారు సిలిండరును చేత్తో తడిమారు. "ఇక్కడి బొడిపె ఏదిరా తమ్ముడూ? ఆవిరి ఇందులోంచే లోపలికెళ్తుందని, మీ బావ వంటింటి గడప మీద కూర్చుని ఆ కొయ్య అచ్చును ఒకటే రుద్దుడు. నా వంట నిండా రంపప్పొట్టే."

"ఆ ముక్క నాతో చెప్పి చావొచ్చుగా!"

"నువ్వు విన్నదెప్పుడు? ఇద్దరూ కలిస్తే అరుపులేగా!"

కొలిమి గారు చెక్కిన చోటనే రంధ్రం చేసి, మర కోసి, ఆవిరి గొట్టాన్ని పట్టే ఇత్తడి కట్టు, అదే కాలరు, బిగించారు. ఎంత బిగించినా ఆవిరి కారుతూనే ఉంది. అక్కగారు నిరాశపడతారేమోనని మన ఎలక్ట్రీషియను ఒక ఉపాయం చెప్పాడు. "గురువుగారూ, బల్ల కింద చక్రం తిప్పే చిన్న మోటారు పెడతా. బయటికి కనబడదు."

"మా బావ చచ్చాడు గనక మా అక్కకి అబద్ధం చూపించమంటావా? ఆ మోటారేదో నీ నడుముకి కట్టుకో, పనిలోనైనా కదులుతావు!"

పోయిన శనివారం షాపులో అందరి ముందూ బాయిలరు కింద మంట పెట్టారు. ఆవిరి వచ్చింది. చక్రం కదలలేదు. కొలిమి గారి ముఖం జేవురించింది. కాలరును తిట్టారు, మమ్మల్ని తిట్టారు, బావగారిని పేరు పెట్టి మరీ తిట్టారు. అక్కగారు మాత్రం కొంగు దోపుకుని ముందుకొచ్చారు.

"ముట్టుకోకక్కా, కాలుతుంది!"

ఆవిడ వినిపించుకోలేదు. చక్రం అంచును ఒక్క వేలితో అలా నెట్టారు. పిస్టను ఆగిపోయిన చోటు దాటింది. చక్రం తిరిగింది, ఇక ఆగలేదు.

"బుసకొడుతోంది చూడు, ఆ కాలరు దగ్గర! వెధవ కాలరు!" అన్నారు కొలిమి గారు.

"అరవనీరా. మీ బావ మాత్రం ఏనాడు నోరు మూసుకుని పనిచేశాడు?"

కొలిమి గారు చేతిలోని స్పానరును తుడిచి పక్కన పెట్టేశారు.

ఒళ్ళు ఉక్కులా, చూపు చురుగ్గా, అక్కగారి చెయ్యి ఆ చక్రం మీద, తమ కోపం మా మీద ఉండగా వారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. ఆ కాలరు బిగించడానికైనా అప్పుడప్పుడు షాపుకు దయచేయాలి. తుడవని స్పానర్లు ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి.