మళ్ళీ ఆ ఏడుపు పాటే

క్లీవ్‌లాండ్‌లో ఓ ఆర్కెస్ట్రా హాలు వెనక గది. రిహార్సల్ అయ్యాక వయోలా వాయించే ఇద్దరు ఆడవాళ్ళు, ఒకామె పెద్దది, ఒకామె చిన్నది, చెప్పులు విప్పుకుని కూర్చున్నారు.

"అక్కా, ఇందాక ఆ ఏడుపు పాట వాయిస్తుంటే నీ మొహం చూశాను. ఎందుకంత చిరాకు? సాయంత్రం మన లుడ్విక్ గారి సంస్మరణ కచేరీ కోసమే కదా."

"ప్రెసిడెంటు పోతే అదే, కాల్పులు జరిగితే అదే, వరదొస్తే అదే. ఆ పాట కాగితాలు తిరిగి బీరువాలో పెట్టడం కూడా మానేశారు. మొన్న పరుపుల ప్రకటనలోనూ అదే. ఛీ."

"జనానికి నచ్చుతుంది మరి."

"లుడ్విక్‌కి నచ్చేది కాదు. వాయించిన ప్రతిసారీ పక్కన సెల్లో పట్టుకుని గొణిగేవాడు, నేను పోతే అకార్డియన్ మీద గంతులేయించే పోల్కా వాయించండి, ఈ పాకం మాత్రం నా మీద పొయ్యకండి అని."

"మేనేజరుకి చెప్పలేకపోయావా?"

"చెప్పాను. అడిగింది లుడ్విక్ భార్యేనట."

"ఆవిడకి తెలీదా?"

"నాకంటే బాగా తెలుసు. చర్చిలో అంత్యక్రియలప్పుడు పోల్కానే పెట్టించింది. అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారట. ఇప్పుడేమో, ఆయన ఇంకా కచేరీ నుంచి రాలేదనే అనిపిస్తోందట. ఆ పాట వింటేగానీ మనిషి పోయాడని నమ్మలేనంటోంది."

"నువ్వేమన్నావ్?"

"సరే, వాయిస్తానన్నాను. ఆయన పోయి వారమైంది. ఇందాక ఆ పాట మొదలయ్యాకగానీ నాకూ ఏడుపు రాలేదు. అదే నాకు రోత."