మాస్టారి చొక్కా గుండీలు

అదిగో, మళ్ళీ అదే మాట! "మీరు బానే ఉన్నారు కదా మాస్టారూ" అంటారేంటమ్మా? ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనే లేదు, అప్పుడే తేల్చేశారా?

పోయినసారి మీ ఆఫీసు నుంచి వచ్చినాయన కూడా ఇంతే. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి పొద్దున పూట సాయానికి మనిషిని పంపిస్తామన్నారు. పంపించారా? ఆయన గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసి, "ఈయనకి అక్కర్లేదు" అని చక్కా పోయాడు.

ఎందుకు అక్కర్లేదో తెలుసా? చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నానట! మెడ దాకా!

మరి పెట్టుకోనా? బతుకంతా ఊళ్ళో వాళ్ళకి చొక్కాలు కుట్టినవాణ్ణి. పెళ్ళికొడుకులూ, ప్లీడర్లూ, అందరూ నా టేపు ముందు చేతులు చాపి నిలబడ్డవాళ్ళే. అలాంటి టైలర్ మాస్టరు గుండీలు ఊడదీసుకుని మనుషుల ముందుకొస్తాడా? నవ్వకండి, నేను సరదాకి చెప్పడం లేదు.

టీ తాగండి. ఆఁ, నేనే పెట్టా. ఎందుకు పెట్టలేనూ? గిన్నెని రెండు మణికట్ల మధ్యా ఇరికించి దించుతా. కాస్త ఒలికింది. ఒలికితే ఒలికింది! లేవకండి, తుడవకండి, నా ఇల్లు నేను చూసుకుంటా.

మా అమ్మాయా? రెండు వీధుల అవతలే ఉంటుంది. దాన్నేమీ అనకండి. పొద్దస్తమానం బేకరీలో నిలబడి పని, ఇంటికెళ్తే మంచాన పడ్డ అత్తగారు. ఆదివారం కూర తెచ్చిపెట్టి, "నాన్నా, స్నానం చేశావా?" అంటుంది. చేశానంటా. అది వచ్చేముందు తల తడుపుకుని కూర్చుంటాలెండి. పిచ్చిది, నమ్మేస్తుంది.

ఏం, కన్నకూతురితో ఒళ్ళు రుద్దించుకోమంటారా? చచ్చినా రుద్దించుకోను! అందుకేగా మిమ్మల్ని అడిగింది? జీతం తీసుకుని చేసే మనిషైతే నాకు సిగ్గుండదు.

ఏంటి, అప్పుడే రాసేస్తున్నారు? "బట్టలు తనే వేసుకోగలడు" అనా? బాగుందమ్మా, చాలా బాగుంది. ఆ పెన్ను ఒక్క క్షణం పక్కన పెట్టండి. ఇటు చూడండి.

పర్రుమని చప్పుడైందా? భయపడకండి, చొక్కా చిరగలేదు. పిల్లల బూట్లకి ఉంటుందే, అంటుకునే పట్టీ, అదే ఇది. ఈ గుండీలు పైపైన కుట్టినవి. కింద కాజాలే లేవు.

వేళ్ళు బిగుసుకుపోతున్నాయని తెలిశాక, ఇంకా సూది పట్టగలిగినప్పుడే నా చొక్కాలన్నిటికీ ఇలా కుట్టేసుకున్నా. అదే నా ఆఖరి పని. మీ ఆఫీసాయన కనిపెట్టలేదు, మీరూ కనిపెట్టలేదు, ఆఖరికి మా అమ్మాయి కూడా కనిపెట్టలేదు. అంత బాగా కుట్టా! నా పనితనమే నా నోట్లో మట్టి కొట్టింది.

చొక్కా సరే, లోపలి బనీనుకి పట్టీ ఎక్కడ పెట్టను? తలమీంచి లాగాలి, భుజమేమో లేవదు. దీని రంగు చూడండి. ఎప్పుడు మార్చానో నాకే గుర్తులేదు. వీపంతా కురుపులు. నాకు కనపడవుగా, మండుతుంటాయంతే. మొహం తిప్పుకోకండమ్మా! చూడ్డానికేగా వచ్చారు, చూడండి!

ఇప్పుడు రాయండి. మాస్టారికి బనీను మార్చే దిక్కు లేదు, మనిషి కావాలి అని రాయండి. ఆ వచ్చే మనిషి నన్ను "తాతా" అంటే మాత్రం గుమ్మంలోంచే పంపించేస్తా. మాస్టారూ అనాలి.

ఈ గుండీల సంగతి మా అమ్మాయి చెవిన వెయ్యకండి. ఆదివారం దానికి మళ్ళీ గుండీలే కనిపించాలి.

అయ్యో, మీరెందుకు లేచారు? వదలండి, పట్టీ నేనే అంటించుకుంటా. ఈమాత్రం చేసుకోలేననుకున్నారా?

సరేలెండి. కింద నుంచి మొదలుపెట్టండి. వంకర పోయిందో, ఊరుకోను.