పద్దెనిమిదో గుంట దగ్గర మామా అల్లుడూ

మారిషస్ దీవి, బెల్ మార్ తీరం. గోల్ఫ్ పోటీలో శుక్రవారం సాయంత్రం. ఇవాళ్టితో సగం మంది ఆటగాళ్లు ఇంటికి పోవాలి. యానిక్ చివరి గుంట దగ్గరికొచ్చాడు. అతని కర్రల సంచి మోస్తున్నది పిల్లనిచ్చిన మామ సెర్జ్.

"...ఇసుక గోతిలోంచి భలే లేపావు అల్లుడూ! ఇంక ఈ ఒక్కటీ గుంటలో పడేస్తే రేపూ ఎల్లుండీ ఆట మనదే. వచ్చే ఏడాది ఐరోపా అంతా మనదే."

"ఊఁ."

"ఊఁ ఏంటయ్యా! అటు చూడు, తాడు అవతల. మీ అత్తయ్య మిరేల్ గాటో పిమాలు, అవే కారం పప్పు వడలు, వేయించి బేసిన్ నిండా తెచ్చింది. మనవాళ్లు మన ఊరు రోజ్ హిల్ నుంచి బస్సు మాట్లాడుకుని మరీ వచ్చారు. బ్యానర్ మీద నీ బొమ్మ కంటే నా బొమ్మ కాస్త పెద్దగా పడింది, ఏమనుకోకు."

"అనుకోను."

"భయంగా ఉందా?"

"లేదు మామయ్యా. ఏమీ లేదు. పడినా అంతే, పడకపోయినా అంతే అన్నట్టుంది. కొంతకాలంగా ఇంతే. ఇక మానేద్దామని—"

"గ్యాస్! పొద్దున్నే బిర్యానీ వద్దన్నానా లేదా?"

"గ్యాస్ కాదు. మానేద్దామని లోరెట్‌తో కూడా అన్నాను."

"నా కూతురితోనా? ఏమంది?"

"మీతో చెప్పమంది."

"చెప్పావుగా, అయిపోయింది. వీధిలో నన్నిప్పుడు హార్డ్‌వేర్ కొట్టు సెర్జ్ అనట్లేదు ఎవరూ. గోల్ఫ్ యానిక్ మామగారూ అంటున్నారు. బ్యాంకు మేనేజరు లేచి కుర్చీ వేస్తున్నాడు. నువ్వు మానేస్తే ఆ కుర్చీ ఏం కావాలి? ఎడమకి ఒక జానెడు. కొట్టు."

"ఎడమకా?"

"ఎడమకే. నెమ్మదిగా."

"కొడుతున్నాను."

"పడిందీ! పడిందయ్యా! అవునూ, నేను ఎడమంటే నువ్వు కుడికి కొట్టావేంటి?"

"కుడికే కొట్టాను. అయినా పడింది."

"అదీ అదృష్టమంటే! కెమెరా ఇటే ఉంది, నవ్వు."

"నవ్వుతున్నాను."

"ఇదా? పాస్‌పోర్టు ఫొటోలో ఇంతకంటే సంతోషంగా ఉన్నావు. ఇదిగో, ఎటు వెళ్తున్నావ్?"

"రిఫరీ దగ్గరికి. మేడమ్, స్కోరు కార్డు మీద సంతకం పెట్టకముందే ఒకటి చెప్పాలి. ఇందాక ఇసుక గోతిలో, కొట్టడానికి కర్ర ఎత్తుతుంటే ఇసుకకి తగిలింది. అలా తగలకూడదు కదా."

"ఎవరైనా చూశారా యానిక్?"

"లేదు మేడమ్. నా చేతికి తెలిసింది."

"మేడమ్, మేడమ్, అబ్బాయి పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నాడు, వాడికేదో—"

"సెర్జ్ గారూ, ఆటగాడు తన మీద తానే చెప్పుకున్నాక ఇంక సాక్షులెందుకు? నియమం ప్రకారం మీ లెక్కకి రెండు దెబ్బలు కలపాలి యానిక్. అంటే మీరు..."

"రేపు ఆడను."

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి. ఈ రోజుల్లో ఇలాంటి మనిషిని చూస్తాననుకోలేదు. టీవీ వాళ్లకి నేనే చెప్తాను."

"టీవీనా? మేడమ్, నేనే మామని. పిల్లనిచ్చాక పెంపకం మాదే కదండీ. ఒక్క నిమిషం, కాలర్ సర్దుకోనివ్వండి... ఒసే మిరేల్, ఏడవకు! ఓడిపోలేదే, నిజాయితీగా బయటికొచ్చాం! ఆఁ, మన ఇంటావంటా అంతే, ఏం చేస్తాం! ఆ బేసిన్ ఇటు పట్రా. నువ్వు వెళ్లి బస్సులో అందరికీ చెప్పు."

"మామయ్యా, ఇటు వచ్చి కూర్చోండి."

"తింటావా అల్లుడూ?"

"పెట్టండి."

"కారం ఎక్కువైందా?"

"తెలియట్లేదు."

"యానిక్."

"ఊఁ."

"ఇప్పుడెవరూ లేరులే, ఒక్క మాట. ఆ గోతిలో నేను నీకు చేతికందేంత దూరంలో ఉన్నాను. కర్ర ఇసుకకి తగల్లేదయ్యా."

"తెలుసు మామయ్యా."