సగం తెగిన తీగ

నిజాంపట్నం రేవులో పందెపు తెరచాప పడవ అలలకి ఊగుతోంది. తెరచాప స్తంభం పైకొసన, తాడుకు కట్టిన బల్లమీద కూర్చుని భర్త పని చేస్తున్నాడు. కింద భార్య ఆ తాడును గిలకకు చుట్టి పట్టుకుంది.

"ఏంటయ్యా, అంతసేపు చూస్తన్నావు?"

"స్తంభాన్ని పట్టి ఉంచే తీగ సగం తెగిందే. టేపు చుట్టేస్తన్నా."

"మార్చవా?"

"కొత్తది చెన్నై నించి రావాల. పందెం రేపేగా. పడవ ఓనరు సార్ ఒప్పుకోడు."

"స్తంభం విరిగితే ఎవరి మీద పడుద్ది?"

"విరగదులే."

"ఎవరి మీద?"

"ముందు కూర్చునేవాడి మీద."

"అంటే మా తమ్ముడి మీద."

"నాగశివకేం కాదు. తీగ ఆగుద్దని చెప్తన్నాగా. దించు."

"ఆగేదైతే రేపు వాడి బదులు నువ్వు కూర్చో."

అతను మిగిలిన టేపు చుట్టను నడుముకి తగిలించుకున్నాడు.

"దించవే. కాళ్ళు తిమ్మిరెక్కినయ్యి."

"చేపల తట్టకన్నా నువ్వు బరువేం లేవు. సాయంత్రం దాకా పట్టుకుంటా. ముందు సార్‌కి ఫోన్ చేసి, తీగ తెగిందని చెప్పు."

"ఉద్యోగం పోద్దే."

"పోనీ. రేపు మా అమ్మొచ్చి కొడుకేడని అడిగితే, టేపు చుట్టామని చెప్పమంటావా?"

"ఆగు. ఫోన్ జేబులో ఇరుక్కుంది, తీస్తన్నా."